కారం తక్కువ, రుచి ఎక్కువ: ఆలూరు మిద్దె మీదికి ఏ మిరప?

అన్నంలో కలుపుకునే ఎర్రపొడి పేరు కారం. నాలుక మీద మండే రుచి పేరు కూడా కారమే. ఒకే మాట రెండింటికీ సరిపోయింది కాబట్టి మిరపకాయ అనగానే మనకు మంట మాత్రమే గుర్తొస్తుంది. "కారం తక్కువుండే మిరపకాయ ఏది?" అని అంగట్లో అడిగి చూడండి, తీపి లేని బెల్లం అడిగినట్టు చూస్తారు. మా ఆలూరు పక్క అయితే "అది చప్ప కాయ, దేనికి?" అని తేల్చేస్తారు.

ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఒకటే. కారం తక్కువ వేరు, చప్పదనం వేరు. మంట, రంగు, వాసన, కండ అనేవి మిరపకాయలో నాలుగు వేరు వేరు గుణాలు. ఒకటి తగ్గితే మిగతావి తగ్గాలని లేదు. ఇది అర్థమైతే ఇంటి మీద పెట్టుకునే నాలుగు కుండీలకు సరైన రకం ఎంచుకోవడం తేలిక.

నాకు ఈ విషయంతో పని పడింది మా అవ్వ వల్ల. డాక్టరు ఆమెను కారం బాగా తగ్గించమన్నాడు. ఇంట్లో కారం తగ్గించడం అంటే చెంచాకు బదులు అరచెంచా పొడి వేయడమే అనుకున్నారు. అరచెంచా వేస్తే కూర తెల్లబారిపోతుంది, వాసన ఉండదు. అవ్వ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేది. "కూటికి రంగే లేదు, ఇంక రుచి యాడ్నుంచి వస్తాది నాయనా" అనేది. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది. కడుపు మంట తగ్గిందని సంతోషపడాలో, మనిషి తగ్గిపోతోందని భయపడాలో తెలియని పరిస్థితి. అప్పుడు మొదలుపెట్టిన చదువు ఇది.

కారాన్ని ఎలా కొలుస్తారు?

1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు ఒక పద్ధతి కనిపెట్టాడు. ఎండుమిరపకాయ సారాన్ని తీసి చక్కెర నీళ్లలో కలుపుతారు. ఐదుగురు రుచి చూస్తారు. మంట తెలుస్తుంటే ఇంకా నీళ్లు కలుపుతారు. ఐదుగురిలో ఎక్కువమందికి మంట తెలియకుండా పోవడానికి ఎన్ని రెట్లు పలచన చెయ్యాల్సి వచ్చిందో ఆ సంఖ్యే ఆ కాయ స్కోవిల్ విలువ. మన భాషలో చెప్పాలంటే ఇది మెజారిటీ ఓటు మీద నడిచే అల్గారిథం. ఇప్పుడు మనుషుల నాలుకల బదులు హెచ్.పి.ఎల్.సి. యంత్రంతో క్యాప్సైసిన్ ఎంత ఉందో నేరుగా కొలిచి, దాన్ని స్కోవిల్ అంకెలోకి మారుస్తారు. స్వచ్ఛమైన క్యాప్సైసిన్ విలువ 1 కోటి 60 లక్షలు.

కొన్ని అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. క్యాప్సికం, అంటే మన బుంగ మిరప, సున్నా. కశ్మీరీ మిరప సుమారు 1,000 నుంచి 2,000. మెక్సికో వాళ్ల హలపెన్యో 2,500 నుంచి 8,000. బ్యాడగి 8,000 నుంచి 15,000. గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000. తేజ 50,000 దాటుతుంది. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా 10 లక్షలు దాటి 2007లో గిన్నిస్ రికార్డు కొట్టింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. బ్యాడగిని 12,000, గుంటూరును 36,000 అనుకుందాం. గుంటూరు కారం చెంచా వేసే చోట బ్యాడగి కారం చెంచా వేస్తే మంట మూడో వంతే. అదే "దీంట్లో కారం లేదులే" అని మూడు చెంచాలు వేస్తే మళ్లీ మొదటికే వచ్చాం. కాబట్టి కారం తక్కువ రకం తెచ్చుకున్నప్పుడు చెంచా పెంచకూడదు. పెంచాల్సిన అవసరం రాకుండా ఉండాలంటే ఆ కాయలో రంగూ వాసనా బలంగా ఉండాలి. రకం ఎంచుకోవడంలో అసలు కిటుకు ఇదే.

రంగుకు కూడా వేరే కొలత ఉంది. అమెరికా మసాలా వ్యాపారుల సంఘం పేరు మీద దాన్ని ఆస్టా అంటారు. రంగు ఇచ్చేది క్యాప్సాంథిన్ లాంటి కెరోటినాయిడ్లు, మంట ఇచ్చేది క్యాప్సైసిన్. రెండూ వేరు వేరు పదార్థాలు, మొక్కలో వేరు వేరు దారుల్లో తయారవుతాయి. అవ్వ అడిగిన "రంగు", డాక్టరు వద్దన్న "కారం" రసాయన శాస్త్రంలో ఒకదానికొకటి సంబంధం లేనివి. ఇద్దరి మాటా నెగ్గించవచ్చు అన్నమాట.

కాయలో కారం ఎక్కడ ఉంటుంది?

చాలామంది గింజల్లో అనుకుంటారు. కాయను నిలువుగా చీల్చితే గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనె కనిపిస్తుంది. క్యాప్సైసిన్ తయారయ్యేది అక్కడ. గింజలు దాన్ని ఆనుకుని ఉంటాయి కాబట్టి వాటికి అంటుతుంది, అంతే. తొడిమ వైపు ఈనె మందంగా ఉంటుంది, కొన దగ్గర పలచబడుతుంది. అందుకే ఒకే కాయలో కొన మెత్తగా, తొడిమ దగ్గర ఘాటుగా ఉంటుంది.

దీని నుంచి రెండు పనికొచ్చే విషయాలు. ఒకటి, ఈనె తీసేస్తే అదే కాయ కారం బాగా తగ్గుతుంది. బజ్జీ మిరపకాయను చీల్చి, లోపల గోకి, వాము, చింతపండు కూరడం మనవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే. రెండు, కాయ వయసు. పూత రాలి పిందె పడ్డాక మొదట్లో కారం దాదాపు ఉండదు. ఆ తర్వాత వారాల తరబడి పెరుగుతూ కాయ ముదిరే సమయానికి గరిష్ఠానికి చేరుతుంది. లేతగా కోస్తే తక్కువ కారం, ముదరనిస్తే ఎక్కువ.

నోట్లో మంట అనేది నిజానికి రుచి కూడా కాదు. వేడిని గుర్తుపట్టే నరాల గ్రాహకం ఒకటి ఉంది, దాని పేరు టి.ఆర్.పి.వి.1. క్యాప్సైసిన్ దానికి అతుక్కుని "కాలుతోంది" అని మెదడుకు తప్పుడు మెసేజ్ పంపిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షులకు ఈ క్యాప్సైసిన్ తెలియదు. మిద్దె మీద చిలకలు, పిచ్చుకలు ఎర్రకాయను హాయిగా తినడం మీరు చూసే ఉంటారు. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మంటకు చెంబెడు నీళ్ల కంటే గ్లాసు పెరుగు మేలు కావడానికి కారణం అదే.

ఆన్, ఆఫ్ స్విచ్ లాంటి జన్యువు

మిరపలో పన్1 అనే జన్యువు ఉంది. అది పనిచేస్తే కాయలో క్యాప్సైసిన్ ఉంటుంది, పాడైతే అసలే ఉండదు. క్యాప్సికంలో ఇది చెడిపోయిన కాపీ, రెండు వైపుల నుంచీ. కాబట్టి సున్నా. స్విచ్ ఆన్‌లో ఉన్న రకాల్లో ఎంత కారం అన్నది మాత్రం ఇంకా చాలా జన్యువులు, నేల, నీరు, ఎండ కలిసి నిర్ణయిస్తాయి. అంటే మొదటిది బూలియన్, రెండోది ఫ్లోట్.

ఇది తెలిస్తే ఊళ్లో ఉన్న ఒక భయం తీరుతుంది. "మెత్త మిరప పక్కన ఘాటు మిరప పెడితే ఇదీ ఘాటెక్కుతుంది" అంటారు. ఈ ఏడాది కాయకు అలా జరగదు. ఈనె తల్లి మొక్క శరీరంలో భాగం, పక్క మొక్క పుప్పొడి వచ్చి దాన్ని మార్చలేదు. కానీ ఆ కాయ లోపలి గింజలో మాత్రం ఇద్దరి జన్యువులూ ఉంటాయి. పన్1 ఒక్క మంచి కాపీ వచ్చినా చాలు, కారం ఆన్ అవుతుంది. అచ్చం ఆర్ గేట్. కాబట్టి ఊళ్లో వాళ్ల మాట సగం నిజం. మార్పు ఈ ఏడాది కాయలో కాదు, ఆ గింజ నాటితే వచ్చే ఏడాది కాయలో కనిపిస్తుంది.

మన ముందున్న రకాలు

బ్యాడగి: పేరు కర్ణాటక హావేరి జిల్లాలోని ఊరిది. 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండు రకాలు ఉన్నాయి. డబ్బి పొట్టిగా, లావుగా ఉంటుంది. కడ్డి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెండూ ఎండితే ముడతలు పడతాయి. రంగు చాలా ఎక్కువ, లిప్‌స్టిక్‌కూ గోళ్ల రంగుకూ కూడా దీని సారం వాడతారు. మాకు ఇది పరాయి పంట కాదు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు, బోర్లు ఉన్నచోట ఆలూరు, ఆదోని పక్క పొలాల్లో బ్యాడగి రకాలూ, ఆ తరహా హైబ్రిడ్లూ వేస్తారు. ఎండబెట్టిన కాయ లారీకెత్తి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బ్యాడగి మార్కెట్‌కే తీసుకుపోతారు. 2024 మార్చిలో ధర పడిపోయిందని అక్కడ రైతులు మార్కెట్ కార్యాలయం మీద పడి వాహనాలకు నిప్పు పెట్టిన వార్త దేశమంతా చూసింది. కారం తక్కువ కాయ మీద ఇంత మంది బతుకు ఆధారపడి ఉందని ఆ రోజు చాలామందికి తెలిసింది.

బజ్జీ మిరప: లేత ఆకుపచ్చ, పొడుగు, పలచటి తోలు. మన పక్క ఉగ్గాని తింటే పక్కన బజ్జి ఉండాల్సిందే, ఆ బజ్జిలో ఉండేది ఇదే. కారం తక్కువ. బొరుగులు నానబెట్టి చేసిన ఉగ్గానికి, మెత్తటి మిరపకాయ బజ్జికి జోడీ కుదిర్చిన మహానుభావుడెవరో గానీ, "కారం తక్కువ మిరప దేనికి?" అన్న ప్రశ్నకు జవాబు ఆ ప్లేటులోనే ఉంది.

వరంగల్ చపాటా: దీన్నే టమాటా మిర్చి అంటారు. పొట్టిగా, గుండ్రంగా, టమాటా లాంటి ఎరుపు. రంగు ఎక్కువ, కారం తక్కువ. ఆవకాయ లాంటి పచ్చళ్లకు పేరు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అర్క అబీర్: బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన పాప్రికా తరహా రకం. రంగు కోసమే పెంచేది, కారం చాలా తక్కువ.

క్యాప్సికం: కారం సున్నా, కండ ఎక్కువ. కూరకు బాగుంటుంది.

విదేశీ రకాలు: స్పెయిన్ పాద్రోన్, జపాన్ శిషితో ఇప్పుడు ఆన్‌లైన్‌లో విత్తనంగా దొరుకుతాయి. రెండూ మెత్తనివే, కానీ పది కాయల్లో ఒకటి అనుకోకుండా ఘాటుగా వస్తుందని వీటికి పేరు. స్నేహితులతో తినడానికి అది ఆట. కడుపు బాగాలేని మనిషికి అది ఆట కాదు. ఈ ఒక్క కారణంతో నేను వీటిని పక్కన పెట్టాను.

ముందు ఫిల్టర్, తర్వాత సార్ట్

నేను మొదట ఎక్సెల్ షీటు వేసి ఒక్కో గుణానికి పదికి ఇన్ని మార్కులని ఇచ్చి కూడాను. క్యాప్సికం మంచి మార్కులతో పాసయ్యింది. కానీ ఆలూరు ఎండలో క్యాప్సికం సంగతి ఏమిటి? దానికి రాత్రి పూట 16 నుంచి 20 డిగ్రీల చల్లదనం ఇష్టం. మాకు మార్చి వచ్చిందంటే పగలు 38, ఆ తర్వాత 40 దాటుతుంది. 35 డిగ్రీలు దాటితే మామూలు మిరప కూడా పూత రాలుస్తుంది, క్యాప్సికం సంగతి చెప్పక్కర్లేదు. బతకని మొక్కకు రుచిలో పదికి పది వచ్చి ఏం లాభం? కాబట్టి కూడడం కన్నా ముందు వడకట్టడం మంచిది. తప్పనిసరి షరతులు నెగ్గినవాటినే తర్వాత పోల్చాలి.

మా ఇంటి షరతులు ఇవి.

ఒకటి, నీళ్లు. జిల్లా మొత్తం మీదే ఏడాది సగటు వాన 700 మిల్లీమీటర్లు దాటదు, మా పడమటి వైపు ఇంకా తక్కువ. కుళాయి నీళ్లు రోజూ రావు, వచ్చిన రోజు డ్రమ్ములు నింపుకోవాలి. ఎండాకాలంలో కుండీకి రోజుకు లీటరున్నర అనుకుంటే ఐదు కుండీలకు ఏడున్నర లీటర్లు, నెలకు 225 లీటర్లు. అంటే పెద్ద డ్రమ్ము నిండా. మొయ్యాల్సింది మా అమ్మ. ఐదు కంటే ఎక్కువ కుండీలు పెట్టడం ఆమె నడుముకు అన్యాయం.

రెండు, నీటి ఎద్దడి. నీళ్లు చాలకపోతే చాలా మిరప రకాల్లో కారం పెరుగుతుంది. కాబట్టి ప్యాకెట్ మీద "మైల్డ్" అని రాసి ఉన్నా మన మిద్దె మీద కొంచెం పైకే వస్తుందని లెక్క వేసుకోవాలి. హద్దు మీద ఉన్న రకం కన్నా హద్దుకు బాగా కింద ఉన్న రకం మేలు.

మూడు, అంగట్లో దొరికేది ఇంట్లో పెంచడం ఎందుకు? ఇది నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసిన షరతు. పొలం లెక్క చూడండి. ఎకరాకు పదివేల మొక్కలు, పది క్వింటాళ్ల ఎండుకాయ అనుకుంటే మొక్కకు వంద గ్రాములు. మూడు కుండీల్లో బ్యాడగి పెట్టి ఏడాదంతా నీళ్లు మోస్తే 300 గ్రాముల ఎండుకాయ. రోజుకు మూడు గ్రాములు వాడితే వంద రోజులకు అయిపోతుంది. అదే ఫిబ్రవరిలో ఊరి పక్క కళ్లంలో తెలిసిన రైతు దగ్గర రెండు కిలోలు కొంటే అవ్వ ఒక్కదానికి ఏడాది పొడుగునా సరిపోతుంది. రైతుకూ మధ్యలో దళారి ఉండడు. ఎండుకారం కోసం కుండీ పెట్టడం దండగ.

మరి కుండీ దేనికి? అంగట్లో దొరకనిదాని కోసం. మా సంతలో పచ్చిమిర్చి అంటే ఘాటు రకమే. మెత్తటి పచ్చిమిర్చి అడిగితే దొరకదు. చెట్టు మీద పండిన ఎర్ర పండుమిరప, అదీ కారం తక్కువది, అసలే దొరకదు. దాన్ని ఉప్పు, చింతపండు వేసి నూరితే వచ్చే ఊరిమిండి అవ్వకు ప్రాణం. అంటే ఎండుకాయకు పొలం, పచ్చికాయకూ పండుకాయకూ కుండీ. ఇది తేలాక మిగతాదంతా సులువైపోయింది.

చివరి ఎంపిక

ఐదు కుండీల పంపకం ఇలా కుదిరింది. రెండు బజ్జీ మిరప: పచ్చికాయగా తాళింపులోకి, పప్పులోకి, ఉగ్గాని రోజున బజ్జీలకు. రెండు బ్యాడగి కడ్డి: లేతగా కొన్ని, పండాక కొన్ని, ఊరిమిండికి. ఒకటి గుంటూరు లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్.సి.ఏ. 334 లాంటి మామూలు ఘాటు రకం. ఎందుకంటే ఇంట్లో మా నాయన ఉన్నాడు, ఆయన చప్ప కూర తినడు. ఒకరి కోసం అందరి నోళ్లూ కట్టేస్తే నెల తిరక్కుండా ఇల్లు పాత కారానికి వెళ్లిపోతుంది. వంట కారం తక్కువగా చేసి, ఘాటు కావాల్సినవాళ్లు పచ్చిమిరపకాయ కొరుక్కుంటే సరి. సంగటిలోకి పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ కొరుక్కోవడం మనకు కొత్త కాదు కదా.

మీ ఊరు వేరైతే జవాబు మారుతుంది. హార్సిలీ కొండల పక్క, మదనపల్లి పక్క చల్లదనం ఉన్నవాళ్లు అక్టోబరులో నాటి క్యాప్సికం ప్రయత్నించవచ్చు. వరంగల్ వాళ్లకు చపాటా విత్తనం దగ్గర్లోనే దొరుకుతుంది. హైదరాబాదులో ఫ్లాట్ బాల్కనీ ఉన్నవాళ్లకు నీళ్ల కన్నా ఎండ తక్కువ కావడం సమస్య, రోజుకు ఆరు గంటల ఎండ రాకపోతే ఏ మిరపా సరిగా కాయదు. జవాబు కాపీ కొట్టకండి, ఫిల్టర్లు కాపీ కొట్టండి.

పెంచే పద్ధతి, క్లుప్తంగా

జూన్ చివర, జూలైలో నారు పోయాలి. విత్తనం మొలవడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. నారు 35, 40 రోజులది కాగానే కుండీలోకి మార్చాలి. అప్పుడు పూత, కాపు చలికాలంలో పడతాయి, ఎండలు ముదిరేలోగా మంచి కోతలు వస్తాయి. వేసవిలో నాటడం మా ఊళ్లో నీళ్లు వృథా చెయ్యడమే.

కుండీ కనీసం అడుగు వెడల్పు, అడుగు లోతు ఉండాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపీచు పొడి ఒక పాలు. ఉత్త నల్లరేగడి కుండీలో వద్దు, తడిస్తే ముద్ద కడుతుంది, ఎండితే పగులుతుంది. అడుగున రంధ్రం తప్పనిసరి, మిరప వేరు నిలవనీళ్లు ఓర్చుకోదు. పైన రెండు వేళ్ల మందం బుడ్డల పొట్టు పరిస్తే తడి ఆరదు. వేరుశనగ మిల్లుల దగ్గర అది ఊరికే దొరుకుతుంది.

బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పోయొచ్చు. ఆర్.ఓ. ఫిల్టరు వదిలేసే నీళ్లు వద్దు, వాటిలో ఉప్పు శాతం ఎక్కువ, మిరప ఉప్పుకు తట్టుకోదు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు కొంచెంగానైనా క్రమంగా పోయాలి. మూడు రోజులు ఎండగట్టి నాలుగో రోజు బకెట్ కుమ్మరిస్తే పూత రాలుతుంది, ఉన్న కాయలో ఘాటు పెరుగుతుంది. మెత్తదనం కోసం పెంచుతున్నాం కాబట్టి మనకు ఇది రెండింతలు ముఖ్యం.

ఆకు ముడత చూసి పురుగు చెప్పొచ్చు. ఆకులు పైకి ముడుచుకుని దోనెలా అయితే తామర పురుగు. కిందికి ముడుచుకుంటే నల్లి. 2021–22లో తెలుగు రాష్ట్రాల మిరప పొలాలను ముంచింది కొత్తరకం నల్ల తామర పురుగే. కుండీల్లో ఐదు మొక్కలే కాబట్టి రోజూ ఆకు తిప్పి చూడటమే మంచి మందు. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లాలి. నీలం రంగు జిగురు అట్ట ఒకటి వేలాడదీస్తే తామర పురుగులు అంటుకుంటాయి.

విత్తనం దాచుకోవాలంటే

ముందు చెప్పిన ఆర్ గేట్ ఇక్కడ పనికొస్తుంది. మిరప పువ్వు చాలా వరకు తనకు తానే ఫలదీకరణ చేసుకుంటుంది, కానీ తేనెటీగలు పక్క మొక్క పుప్పొడి కూడా తెస్తాయి. మా మిద్దె మీద ఘాటు రకం పక్కనే ఉంది. అందుకని విత్తనం కోసం ఒక కొమ్మను ఎంచుకుని, పూలు విచ్చుకోకముందే దానికి పలచటి నూలుగుడ్డ సంచి కట్టాలి. రోజూ ఉదయం కొమ్మను మెల్లగా కదిలిస్తే లోపలి పుప్పొడి లోపలే రాలుతుంది. పిందెలు పడ్డాక సంచి విప్పి, ఆ పిందెలకు ఎర్రదారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. అవి చెట్టు మీదే పూర్తిగా పండాక గింజ తీసి నీడలో ఆరబెట్టాలి. ఇది నాటు రకాలకే. ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉంటే గింజ దాచి లాభం లేదు, వచ్చే తరంలో గుణాలు చెదిరిపోతాయి.

మొదటి కాయ పరీక్ష

రకం పేరు చూసి నమ్మకూడదు, మొక్క మొక్కకూ పరీక్ష చెయ్యాలి. నర్సరీలో నారు కలిసిపోవడం మామూలే. ప్రతి మొక్క నుంచి ఒక ముదురు కాయ కొయ్యండి. ముందు కొన చిన్న ముక్క నాలుకకు తగిలించండి. మంట లేకపోతే మధ్య ముక్క. అదీ ఓర్చుకునేలా ఉంటే తొడిమ దగ్గర ఈనెతో ఉన్న ముక్క. మూడూ దాటిన మొక్కకే పచ్చదారం కట్టండి. పక్కన పెరుగు పెట్టుకోండి, కళ్లు తుడుచుకోకండి. ఈ పరీక్ష చెయ్యాల్సింది ఆరోగ్యంగా ఉన్న మనిషి, కడుపు మంట ఉన్నవాళ్లు కాదు. ఇంకో మాట, కడుపులో పుండ్లకు ఎక్కువగా కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, నొప్పి మాత్రల అతివాడకం. మిరప మార్చడం తిండిని తినగలిగేలా చేస్తుంది, మందుకు బదులు కాదు. డాక్టరు ఇచ్చిన కోర్సు పూర్తి చెయ్యాల్సిందే.

మా అవ్వ ఇప్పుడు పచ్చదారం ఉన్న మొక్కల కాయే కోస్తుంది, దారం లేనిదాన్ని "అది మీ నాయన చెట్టు" అంటుంది. ఊరిమిండి ఎర్రగా ఉంటోంది, ముద్దలు రెండు కాదు, లెక్కపెట్టడం మానేశాం. పోయిన నాలుగు కిలోల్లో రెండున్నర తిరిగొచ్చాయి.

సంచి కట్టి తీసిన బ్యాడగి కడ్డి గింజలు ఒక అగ్గిపెట్టెడు నా దగ్గర ఉన్నాయి. ఇంట్లో కారం తగ్గించాల్సిన పెద్దవాళ్లు ఎవరికైనా ఉంటే జూన్ లోపల సాహితీ క్లబ్ గదికి వచ్చి అడగండి. మనిషికి పది గింజలు. ఒక్క షరతు, పండిన తర్వాత మీరూ ఒక కొమ్మకు సంచి కట్టాలి.